లవణగిరి జిల్లా ఉడుము సమస్య

మా డైరెక్టరు విరూపాక్షం గారు ఢిల్లీలో సదస్సుకి వెళ్ళి వచ్చారంటే ఓ వారం పాటు అందరం జాగ్రత్తగా ఉంటాం. ఆయన ఉత్తినే తిరిగి రారు. ఏదో ఒకటి నేర్చుకుని వస్తారు. కిందటేడు నవ్వు నేర్చుకుని వచ్చారు. పది నలభైకి గంట కొట్టగానే తహసీల్దార్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా వరండాలో వరసగా నిలబడి అయిదు నిమిషాలు నవ్వేవాళ్ళం. నవ్వనివాళ్ళ పేర్లు రిజిస్టరులో రాసే పని నాకు అప్పగించారు. దాంతో నాకు నవ్వే తీరిక ఉండేది కాదు. మొదటి పేరు నాదే రాసుకోవాల్సి వచ్చేది.

మాది అధికారులకి శిక్షణ ఇచ్చే సంస్థ. ప్రమోషన్ వచ్చినవాళ్ళు రెండేసి వారాలు వచ్చి, ఫైలు మీద ఏం రాయాలో, ఎక్కడ ఏమీ రాయకుండా సంతకం మాత్రం పెట్టాలో నేర్చుకుని వెళ్తుంటారు. నేను రికార్డు సెక్షన్ సూపరింటెండెంటుని. రమామణి అంటే అందరికీ తెలుసు.

ఈసారి డైరెక్టరు గారు పాత్రాభినయం, అంటే రోల్ ప్లే, నేర్చుకుని వచ్చారు. మర్నాడే సర్క్యులర్ దిగింది. "ఇకమీదట సంస్థయందు జరుగు సమస్త శిక్షణయు పాత్రాభినయ పద్ధతిలోనే జరుగవలెను. పాత్ర లేనివారు శిక్షణ పొందినవారుగా పరిగణింపబడరు."

మీటింగు పెట్టి, ఈ పాత్రాభినయం ఎవరికైనా వచ్చా అని అడిగారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను కూడా వంచుకుంటే ఈ కథ ఉండేది కాదు. భూలోకం గారు ప్రతి ఆదివారం ఆడతారండి అని నోరు జారాను.

పిల్లా భూలోకం గారు మా టపా సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు. వచ్చిన ఉత్తరాలకి నంబర్లు వేయడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళుగా వేస్తున్నారు. మనిషి మెత్తన. ఆదివారాలు మాత్రం ఆయన ఒక దేశాన్ని నడుపుతారు. ఆ దేశం పేరు లవణగిరి సీమ. ఎక్కడా లేదు, ఆయనే కల్పించుకున్నారు. తొమ్మిది ఉప్పు కొండలు, మూడు ఉప్పుటేర్లు, ఒక రాణీ, దారి పొడుగునా రకరకాల జంతువులూ. పద్నాలుగు లాంగ్ నోటుబుక్కులు నిండాయి. ఆట ఏమిటంటే, ఆయన కథ చెబుతారు. మనం అందులో ఒక మనిషిగా ఉండి, నేనిప్పుడు ఇలా చేస్తాను అంటాం. అది నెగ్గుతుందో లేదో సందేహం వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద అంకె పడితే నెగ్గినట్టు, చిన్నది పడితే మునిగినట్టు. పాచిక వాళ్ళ బావమరిది టేకుతో చెక్కి ఇచ్చాడు. ఒక ముఖం కొంచెం వెడల్పయిపోవడంతో ఏడు ఎక్కువగా పడుతుంది.

ఆడేవాళ్ళం ఇద్దరమే. నేనూ, పశువుల డాక్టరు గవర్రాజు గారూ.

రెండేళ్ళ క్రితం భూలోకం గారికి పాత పుస్తకాల బండి మీద అట్టలేని విదేశీ పుస్తకం ఒకటి దొరికింది. ఇలాంటి ఆటల కోసమే ఎప్పుడో రాసిన సాహసగాథ. మంచుకొండ కింద సారాకొట్టులో వీరులందరూ కలుసుకుంటారు. గుహలోకి వెళ్తారు. ఆఖరి గదిలో నిప్పులు కక్కే రెక్కలపాము బంగారం గుట్ట మీద పడుకుని ఉంటుంది. దాన్ని చంపి బంగారం మోసుకొస్తారు. అంతే. దాన్ని లవణగిరికి అనువుగా మార్చాలని ఆయన కూర్చున్నారు. మంచు మనలో ఎవరు చూశారండీ అని దాన్ని ఉప్పు చేశారు. సారాకొట్టు తీసేసి, ఉప్పు మోసేవాళ్ళకి టీ కాచే ముసలమ్మ పాక పెట్టారు. రెక్కలపాముకి బదులు రెండు తాటిచెట్ల పొడుగు ఉడుము వచ్చింది. ఉప్పుకొండల్లో బంగారం ఎవరికి కావాలని, ఉడుమును తీసుకెళ్ళి ఆ సీమకంతటికీ ఉన్న ఒకే ఒక్క మంచినీటి ఊట మీద పడుకోబెట్టారు.

అక్కడ ఆయన కలం ఆగిపోయింది. ఉడుమును చంపడానికి ఆయనకి చెయ్యి రాలేదు. "అది ఎందుకు లేస్తుందో నాకే తెలీదు మేడమ్. ఆడేవాళ్ళెవరో చెప్పాలి," అనేవారు. మేమిద్దరం ఆ గది దాకా ఎప్పుడూ చేరలేదు. దారిలో కనబడ్డ ప్రతి జంతువుకీ గవర్రాజు గారు ఆగి వైద్యం చేసేవారు.

డైరెక్టరు గారు అంతా విన్నారు. అద్భుతం, తాగునీటి సమస్య కూడా ఉంది, ఇదే పాఠ్యాంశం అన్నారు. భూలోకం గారి ముఖం చూడాలి. పంతొమ్మిదేళ్ళలో ఆయన్ని ఒక గదిలోకి పిలిచి కుర్చీ చూపించడం అదే మొదటిసారి. ఇరవై మంది ఒకేసారి తన సీమలోకి అడుగు పెడతారంటే ఆయనకి ఆ వారం అన్నం సయించలేదు.

ముందు పరిశీలన కమిటీ వేశారు. కమిటీ నాలుగుసార్లు కూర్చుంది. సీమ అనేది పరిపాలనా విభాగం కాదు కనుక జిల్లా చేయమన్నారు. తొమ్మిది కొండల్ని తొమ్మిది మండలాలు చేశారు. రాణిని తీసేసి కలెక్టరుని పెట్టమన్నారు. మంత్రగాడు మూఢనమ్మకం కిందికి వస్తాడని సాంకేతిక సలహాదారుగా మార్చారు. కత్తులకి లైసెన్సు ఉందా అని అడిగారు. లేదంటే కత్తులు తీసేసి రాసుకునే ప్యాడ్లు ఇచ్చారు. ఉడుము రక్షిత జంతువు కాబట్టి దాని మీద పడ్డ ప్రతి దెబ్బకీ అటవీశాఖ అనుమతి ఉండాలన్నారు. భూలోకం గారు ఆ ఒక్క సవరణకి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.

పాచిక దగ్గర చిక్కు వచ్చింది. పాచిక అంటే జూదం, ప్రభుత్వ భవనంలో జూదం ఆడిస్తే రేపు జవాబు ఎవరు చెబుతారన్నారు. చివరికి దాన్ని "ఇరవై ముఖముల యాదృచ్ఛిక నిర్ణయ సాధనము" అన్నారు. ఇద్దరు గెజిటెడ్ అధికారుల సమక్షంలో దొర్లించాలి. పడిన అంకె నచ్చకపోతే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

శిక్షణ కరపత్రంలో అచ్చు వేయడానికి జిల్లాకి కోడ్ నంబరు కావాలని మా డైరెక్టరు గారు రాజధానిలో పై ఆఫీసుకి రాశారు. అక్కడివాళ్ళు ఖాళీగా ఉన్న తర్వాతి నంబరు వేసి పంపారు. ఆ ఉత్తరానికి ఇన్‌వర్డ్ నంబరు వేసింది కూడా భూలోకం గారే. తన సీమకి నంబరు వచ్చిందని నాకు తెచ్చి చూపించారు. ఆయన సంతోషం చూసి నేనూ సంతోషించాను. దానివల్ల ఏం జరుగుతుందో మా ఇద్దరికీ అప్పుడు తట్టలేదు.

శిక్షణ మొదలైంది. ఇరవై మంది అధికారులు టీపాక దగ్గర కలుసుకున్నారు. గంటన్నరలో గుహ తలుపు దగ్గరికి చేరారు. తలుపు మాట్లాడుతుంది. ఎవరు మీరు అని అడుగుతుంది. పేరు చెబితే తెరుచుకుంటుంది. అసలు పుస్తకంలో అక్కడ పెద్ద పొడుపుకథ ఉంటే భూలోకం గారు తీసేసి, మనవాళ్ళు ఇబ్బంది పడకూడదని ఇంత సులువు చేశారు.

ఇరవై మందీ మూడు రోజులు ఆ తలుపు బయటే ఉన్నారు.

మొదటి అధికారి తన హోదా చెప్పాడు. తలుపు కదల్లేదు. రెండో ఆయన హోదాతో పాటు ఇన్‌చార్జిగా చూస్తున్న రెండు పోస్టులూ చెప్పాడు. మూడో ఆయన, అడగడానికి ఆ తలుపుకున్న అధికారం ఏమిటో ముందు తేల్చాలన్నాడు. రెండో రోజు తలుపుకి నోటీసు రాశారు. తలుపు తరఫున భూలోకం గారు మళ్ళీ, ఎవరు మీరు అన్నారు. అది సరైన సమాధానం కాదని తిప్పి పంపారు. మూడో రోజు ఉపసంఘం వేసుకున్నారు. ఉపసంఘం కూర్చోవడానికి నీడ లేదని టీపాకని స్వాధీనం చేసుకోవాలని తీర్మానించారు. టీ కాచే ముసలమ్మకి ఖాళీ చేయమని కాగితం వెళ్ళింది. భూలోకం గారికి ఆ ముసలమ్మంటే ప్రాణం. ఆయన మధ్యాహ్నం భోజనానికి రాలేదు. టపా గదిలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నేను క్యారియరు పట్టుకెళ్తే, ముసలమ్మ ఎక్కడికి పోతుంది మేడమ్ అని అడిగారు. క్యారియరు విప్పి ఆయన ముందు పెట్టాను.

సాయంత్రం వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. కొత్తగా తహసీల్దారయిన ఎస్తేరు రాణి. మూడు రోజులుగా ఒక్క మాటా మాట్లాడని మనిషి. తలుపు ముందుకి వెళ్తున్నాను సార్ అని చెప్పి, "నా పేరు ఎస్తేరు. లోపలికి రావచ్చా?" అంది.

రావచ్చమ్మా అన్నారు భూలోకం గారు.

హాల్లో గగ్గోలు లేచింది. పై అధికారులు బయట నిలబడి ఉండగా తహసీల్దారు లోపలికి ఎలా వెళ్తుందన్నారు. విషయం డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అరగంట ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. "సదరు తలుపు తెరచుట లిఖితపూర్వక అనుమతి లేకుండా జరిగినందున, తలుపు మూసియున్నట్లే పరిగణించవలెను." శిక్షణ విజయవంతంగా ముగిసింది. అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. ఎస్తేరు రాణికి సర్టిఫికెట్టుతో పాటు సంజాయిషీ నోటీసు కూడా ఇచ్చారు.

తర్వాతి నెల పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అన్ని జిల్లాల వర్షపాతం వివరాలు అందాయి, లవణగిరి జిల్లావి మాత్రం అందలేదు, కారణం తెలపండి. ఆ జిల్లా లేదని మేం రాశాం. కోడ్ నంబరు ఉన్న జిల్లా లేకుండా ఎలా ఉంటుందని వాళ్ళు రాశారు. డైరెక్టరు గారు, ఎందుకొచ్చిన గొడవ, సున్నా అని పంపెయ్యవయ్యా భూలోకం అన్నారు. సున్నా వెళ్ళింది. దాంతో లవణగిరిని కరువు జిల్లాగా ప్రకటించారు. ఆ పైన ఒక్కొక్క శాఖా అడగడం మొదలుపెట్టింది. అంటువ్యాధులు సున్నా. రోడ్డు ప్రమాదాలు సున్నా. పెండింగు అర్జీలు సున్నా. మూడు నెలలు తిరిగేసరికి లవణగిరి రాష్ట్రంలోకెల్లా ఉత్తమ జిల్లా అయింది. డైరెక్టరు గారు శాలువా కప్పించుకుని షీల్డు తెచ్చుకున్నారు. షీల్డు మీద తొమ్మిది కొండలూ ముచ్చటగా చెక్కారు. ఎవరు ఊహించి చెక్కారో తెలీదు గాని, కొండలు మాత్రం భూలోకం గారి పటంలో ఉన్నట్టే ఉన్నాయి.

ఉత్తమ జిల్లాకి అధికారులు లేకపోవడం బాగుండదని పై ఆఫీసువాళ్ళు పోస్టులు మంజూరు చేశారు. జిల్లా గురించి ఎక్కువ తెలిసినవాడని భూలోకం గారిని అక్కడికి ఇన్‌చార్జి అధికారిగా బదిలీ చేశారు. ఏడు రోజుల్లో చేరాలి. ఆయన ఆర్డరు పట్టుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఎక్కడ చేరాలండీ అని అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"అదేమిటయ్యా, జిల్లా నీ దగ్గరే ఉంది కదా," అన్నారు డైరెక్టరు గారు.

టపా గదిలో ఆయన కుర్చీ తీసేశారు. హాజరుపట్టీలో పేరు కొట్టేశారు. భూలోకం గారు పద్నాలుగు నోటుబుక్కులూ సంచిలో సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయారు. పంతొమ్మిదేళ్ళు రోజూ పది గంటలకి ఆఫీసులో ఉన్న మనిషి. మర్నాడు పదింటికి చొక్కా ఇస్త్రీ చేసుకుని, ముందుగదిలో టేబుల్ ముందు కూర్చుని, ఏం చేయాలో తెలీక వీధిలోకి చూస్తూ ఉన్నారట. వాళ్ళావిడ ఫోను చేసి చెప్పి, ఆయన్ని కాస్త చూసి వెళ్ళండి అంది. నోరు జారింది నేను. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

సాయంత్రం వెళ్ళేసరికి గుమ్మంలో సూట్‌కేసు ఉంది. ఎస్తేరు రాణి వచ్చింది. సంజాయిషీ నచ్చలేదని, నీళ్ళు లేని జిల్లాకి వేస్తే బుద్ధి వస్తుందని ఆవిడని లవణగిరి తహసీల్దారుగా వేశారు. రిపోర్టు చేయడానికి ఊరంతా వెతుక్కుంటూ వచ్చింది. భూలోకం గారు ఆవిడకి మంచినీళ్ళిచ్చి, తలుపు తీసే ఉంచానమ్మా, డైరెక్టరు గారి ఉత్తర్వు నోటుబుక్కులో ఎక్కించలేదు అన్నారు. బదిలీ కాగితం అందాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారట. గవర్రాజు గారికి కబురు పెట్టాం. ఇప్పుడు ముగ్గురం అయ్యాం. టీపాక ముసలమ్మకి పాక తిరిగి ఇచ్చే కాగితం మీద ఎస్తేరు రాణి ఆ పూటే సంతకం చేసింది.

ఆర్నెల్లకి వార్షిక తనిఖీ వచ్చింది. ఏ జిల్లానైనా డైరెక్టరు స్థాయి అధికారి తనిఖీ చేసి తీరాలి. ఆ ఆదివారం విరూపాక్షం గారు కారులో, డఫేదారుతో సహా దిగారు. జిల్లా చూపించమన్నారు. భూలోకం గారు కుర్చీ వేసి, పాచిక చేతికిచ్చారు. తన ఉత్తర్వు ప్రకారం తలుపు మూసి ఉందని డైరెక్టరు గారికి గుర్తొచ్చింది. కాగితం అడిగి తీసుకుని, ఆ ఉత్తర్వు తానే రద్దు చేసి, లోపలికి నడిచారు. మేమూ వెనకే వెళ్ళాం. గవర్రాజు గారు దారిలో రెండుసార్లు మాత్రమే ఆగారు. మొట్టమొదటిసారి ఆఖరి గదిలోకి చేరాం.

గుహ నిండా ఉప్పు మెరుస్తోంది. మధ్యలో ఉడుము. దాని పొట్ట కింద నీళ్ళ చప్పుడు. భూలోకం గారు నెమ్మదిగా చెబుతుంటే నాకు నిజంగానే దాహం వేసింది. డైరెక్టరు గారు ఉడుమును ఉద్దేశించి, ఆక్రమణలో ఉన్న జలవనరును తక్షణం ఖాళీ చేయవలసిందిగా ఆదేశిస్తున్నానన్నారు. పాచిక వేశారు. మూడు పడింది.

ఉడుము ఆయన్ని మింగేసింది.

ఆయన చాలాసేపు పాచిక వంకే చూశారు. అప్పీలు ఎవరికి చేసుకోవాలని అడిగారు. అప్పీలు వినవలసింది డైరెక్టరే, ఆయన ప్రస్తుతం ఉడుము కడుపులో ఉన్నారని ఎస్తేరు రాణి మర్యాదగా చెప్పింది. ఆయన లేచి కారెక్కి వెళ్ళిపోయారు. మా ముగ్గురి ఉద్యోగాలూ పోయాయనే అనుకున్నాం. గవర్రాజు గారిది వేరే శాఖ కాబట్టి ఆయన టీ తాగారు.

మరుసటి ఆదివారం ఆయన మళ్ళీ వచ్చారు. స్కూటరు మీద, ఒక్కరే. డఫేదారు లేడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కుర్చీలో అంచున కూర్చుని, చచ్చిపోయినవాళ్ళు మళ్ళీ ఆడొచ్చా అని అడిగారు. ఇంకో మనిషిగా రావచ్చండి అన్నారు భూలోకం గారు.

"మనిషిగానే రావాలా?"

అలా ఎక్కడా లేదన్నారు భూలోకం గారు.

"అయితే నేను గాడిదని. ఉప్పు మోస్తాను." మళ్ళీ అడిగారు, "గాడిద లోపలికి వెళ్ళడానికి ఎవరి అనుమతయినా కావాలా?"

అక్కర్లేదండి అన్నారు భూలోకం గారు. డైరెక్టరు గారి భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆయన భుజాలు అంతకుముందు అంత పైన ఉండేవని నాకు అప్పుడే తెలిసింది.

గాడిద నేరుగా వెళ్ళింది. తలుపు దాటింది, మెట్లు దిగింది, ఆఖరి గదిలోకి వచ్చింది. ఏం చేస్తారండీ అని భూలోకం గారు అడిగారు. మేమందరం ఆయన నోటి వంక చూస్తున్నాం. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"ఉప్పు మోసి మోసి వచ్చాను. దాహంగా ఉంది. దాని పక్కన నిలబడి నీళ్ళు తాగుతాను."

భూలోకం గారు పాచిక చేతిలోకి తీసుకున్నారు. వేయబోయి ఆగారు. దాన్ని టేబుల్ మీద పక్కన పెట్టేశారు. రెండేళ్ళుగా తనకే తెలియని సంగతి ఎవరో చెవిలో చెప్పినట్టుంది ఆయన ముఖం. ఉడుము కళ్ళు తెరిచి గాడిదని చూసిందన్నారు. ఇన్నాళ్ళూ దాని దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని చంపడానికో లేపడానికో వచ్చినవాళ్ళేనట. దాహమేసి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరట. అది తోక ముడుచుకుని కొంచెం పక్కకి జరిగిందన్నారు. ఊట గట్టు దాటి తొమ్మిది కొండల కిందికీ నీళ్ళు పారాయన్నారు. ఆ మాట చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. డైరెక్టరు గారు కూడా తుడుచుకున్నారు గాని, ఆయన తర్వాత అది ఉక్కపోత అన్నారు.

సోమవారం నెలవారీ నివేదిక పంపాల్సిన రోజు. పరిష్కరించిన తాగునీటి సమస్యలు అనే కాలమ్‌లో మొదటిసారి ఒకటి అని వేశాం. దాని పక్కన, చర్య తీసుకున్న అధికారి హోదా అని ఇంకో కాలమ్ ఉంది. ఏం రాయమంటారని భూలోకం గారు డైరెక్టరు గారికి ఫోను చేశారు. జరిగింది జరిగినట్టు రాయవయ్యా అన్నారాయన.

గాడిద అని రాసి పంపాం. పై ఆఫీసు నుంచి ఇంతవరకూ ఏ అభ్యంతరమూ రాలేదు.